గింజనూనె – డీజిలు యంత్రము

(గ్రంథాలయ రజతోత్సవ సందర్భమున చేయబడిన ప్రసంగ పాఠము)



ఉయ్యూరు వంటి యూరిలో ఇంధనమును గూర్చి మాటలాడుట కొత్త సంగతి కాదు. బెజవాడ నుండి బందరునకు పోవు రహదారిమీద వెలసిన యూరిది. చెరకు తోలు లారీలు, ధాన్యము మోయు ట్రాక్టర్లు, దమ్ము చేయు చక్రములు, వరి కోయు యంత్రములు, కాలువ చివరి భూములలో నీరు తోడు ఆయిలింజనులు, ఇవి యన్నియు డీజిలు త్రాగి బ్రతుకునవే. ఒకనాటి రైతు వరి కోతకు ముందు చేనిలో జనుమో పిల్లిపెసరో చల్లి, ఎడ్లకు మేత సిద్ధపరచుకొనెడివాడు. నేటి రైతు యంత్రమునకు డీజిలు పోయుచున్నాడు. ఎద్దు మేత తన పొలముననే పండెడిది. యంత్రము మేత సముద్రముల కావలి నుండి వచ్చుచున్నది. మార్పంతయు ఈ ఒక్క మాటలోనే యున్నది.

దేశమునకు వలయు ముడిచమురులో నూటికి 80 పాళ్ళకు పైగా విదేశముల నుండియే దిగుమతి యగుచున్నది. ఎచ్చటనో ఎడారి దేశములలో యుద్ధము రేగినచో ఇచ్చట ఎకరమునకు దమ్ము బాడుగ పెరుగును. ధాన్యము ధర మాత్రము ఆ వేగమున పెరుగదు. కావున యంత్రమునకు గూడ మేతను ఈ నేలమీదనే పండించుకొనరాదా యను ప్రశ్న సహజముగా పుట్టును. బయోడీజిలు అను మాట వెనుక నున్న ఆశ ఇదియే. ఆ ఆశలో నిజమెంత, భ్రమ యెంత, డెల్టా రైతు దానిని ఎట్లు స్వీకరింపవలెను అనునదియే ఈ ప్రసంగ విషయము.

ఈ విషయమును చర్చించుటకు ఉయ్యూరు తగిన తావనుటకు వేరొక కారణము గూడ కలదు. ఇంధనముల శాస్త్రమున ప్రసిద్ధి నందిన కొలాచల సీతారామయ్యగారు 1899లో ఈ యూరనే జన్మించిరి. అమెరికాలో ఉన్నత విద్య నభ్యసించి, పిమ్మట సోవియట్ దేశమునకు పోయి, అచ్చటనే స్థిరపడి, 1977లో మాస్కోలో మరణించిరి. అచ్చటివారు వారిని రామయ్య యను పేరుననే ఎరుగుదురు. ఇంధనములును, కందెన నూనెలును యంత్రములో పడిన పిమ్మట ఎట్లు ప్రవర్తించును, ఏది యంత్రమును కాపాడును, ఏది చెరచును అని పరిశోధించు శాస్త్రమునకు కెమ్మోటాలజీ అని పేరు. ఆ శాస్త్రమునకు పునాదులు వేసినవారిలో వారొకరు. ఇంధనమును వేరుగను, యంత్రమును వేరుగను చూడరాదు, రెండింటి పొత్తును చూడవలెననునది ఆ శాస్త్రము నేర్పు మొదటి పాఠము. బయోడీజిలును గూడ అట్లే పరిశీలింపవలెను. అయితే రైతు దృష్టిలో యంత్రముతోపాటు నేలను గూడ లెక్కకు తీసికొనవలసి యుండును.

గింజనూనెతో యంత్రము నడచునా యను సందేహమునకు నూరేండ్లకు పూర్వమే సమాధానము దొరకినది. రూడాల్ఫ్ డీజిల్ అను జర్మను ఇంజనీరు 1858లో పారిస్ నగరమున పుట్టెను. పెట్రోలు ఇంజనులో నిప్పురవ్వ ఇంధనమును మండించును. డీజిల్ నిర్మించిన ఇంజనులో నిప్పురవ్వతో పని లేదు. గాలిని మిక్కిలి బిగించి నొక్కినచో అది తనంతట వేడెక్కును. ఆ వేడిగాలిలోనికి ఇంధనమును చిమ్మినచో అదియే అంటుకొనును. ఆయన యంత్రము 1893 ఆగస్టు 10వ తేదీన మొదటి మారు కదలెను. ఆ దినమును పురస్కరించుకొనియే నేడు ఆగస్టు 10వ తేదీని జీవ ఇంధన దినముగా జరుపుచున్నారు. 1900 సంవత్సరమున పారిస్‌లో జరిగిన ప్రపంచ ప్రదర్శనలో ఒక డీజిలు ఇంజనును వేరుసెనగ నూనెతో నడిపి చూపిరి. చూపరులలో అనేకులు ఆ భేదమునే గుర్తింపలేదట. నాటికి స్వల్పముగా కన్పించు గింజనూనెలు కాలక్రమమున రాతినూనెతో సమానమైన ప్రాముఖ్యమును పొందవచ్చునని డీజిల్ 1912లో అభిప్రాయపడెను. మరుసటి సంవత్సరమే ఆయన ఓడ ప్రయాణములో అదృశ్యుడై మరణించెను. తరువాతి కాలమున ముడిచమురు చౌకగా లభించుటచేత యంత్రములు దానికి తగినట్లుగా మలచబడెను. గింజనూనె మరుగున పడెను.

రెండవ ప్రపంచయుద్ధ కాలమున పెట్రోలు కరవై బస్సుల వెనుక బొగ్గుకుంపటి కట్టి, ఆ పొగతో నడిపిన సంగతి వృద్ధుల నోట వినియున్నవారు ఈ ప్రాంతమున నేటికిని కలరు. కరవు వచ్చినపుడు బదులు వెదకుట, చౌక వచ్చినపుడు దానిని మరచుట లోకమునకు అలవాటు. బయోడీజిలు చరిత్ర గూడ ఆ విధముగనే సాగినది.

నూనెతో ఇంజను నడచునన్నంత మాత్రమున గానుగనుండి తెచ్చిన నూనెను తిన్నగా ట్రాక్టరు ట్యాంకులో పోయుట క్షేమము కాదు. గింజనూనె డీజిలు కంటె పదింతలకు పైగా చిక్కన. చిక్కని నూనెను నాజిలు సన్నని తుంపరగా చిమ్మలేదు. లావు బొట్లుగా పడిన నూనె పూర్తిగా మండదు. మండని భాగము మసియై, జిగురై పిస్టను రింగుల నడుమ పేరుకొనును. క్రమముగా కందెన నూనెలో కలిసి దానిని గూడ చెరచును. నిమిషమునకు తక్కువ చుట్లు తిరుగు పాతకాలపు ఇంజను దీనిని కొంతకాలము సహించును. నేటి కొత్త ఇంజను సహింపదు. దాని మరమ్మతునకు అగు వ్యయము, డీజిలు మీద మిగిలిన సొమ్మును మించిపోవును.

ఈ చిక్కును విడదీయుటకు రసాయన శాస్త్రజ్ఞులు ఒక ఉపాయము కనుగొనిరి. నూనె యొక్క అణువు మూడు తోకలు గల జీవి వంటిది. మూడు కొవ్వు ఆమ్లములు ఒక గ్లిసరిన్ ముడికి కట్టబడి యుండును. ఆ ముడిని విప్పి, ఒక్కొక్క కొవ్వు ఆమ్లమునకు ఒక్కొక్క సారాయి అణువును జత చేసినచో, చిక్కదనము పోయి డీజిలువంటి పలుచని ద్రవము వచ్చును. ఇదియే బయోడీజిలు. 100 కిలోల నూనెతో ఇంచుమించు 11 కిలోల మిథనాలు కలిసి మారినచో, ఇంచుమించు 100 కిలోల బయోడీజిలును, 10 కిలోలకు పైగా గ్లిసరినును లభించును. ఈ మార్పును త్వరపెట్టుటకు కొద్దిగా కాస్టిక్ సోడా వేసి, 60 డిగ్రీల సెంటీగ్రేడు వేడిలో కలియబెట్టుదురు. పిమ్మట నిలువయుంచినచో బరువైన గ్లిసరిన్ అడుగునకు దిగును. పైకి తేలిన దానిని వేరుచేసి, కడిగి, తడి లేకుండ ఆరబెట్టవలెను.

వినుటకు సులభముగా నున్నను ఇది ఇంటి పెరటిలో చేయదగిన పని కాదు. మిథనాలు విషము; దాని ఆవిరి క్షణములో అంటుకొనును. నూనెలో తడి యున్నను, నూనె పాతబడి పులిసియున్నను, కాస్టిక్ సోడా దానిని బయోడీజిలుగా కాక సబ్బుగా మార్చివేయును. కానుగ నూనెకు తరచుగా ఈ పులుపు దోషముండును. అందుచేత ముందు ఆమ్లముతో ఒక మారు శుద్ధి చేసి, పిమ్మట అసలు పనికి పూనుకొనవలసి యుండును.

ఇచ్చట చెరకు ప్రాంతమువారు గమనింపదగిన విశేషమొకటి కలదు. బయోడీజిలు వేరు, ఎథనాలు వేరు. చెరకు మడ్డినుండి దిగు సారాయియే ఎథనాలు. అది పెట్రోలులో కలియును. బయోడీజిలు నూనెనుండి పుట్టి డీజిలులో కలియును. 1941 నుండి వెలగపూడి రామకృష్ణగారి ఆధ్వర్యమున పెరిగిన ఉయ్యూరు కె.సి.పి. చక్కెర కర్మాగారము మూలముగా ఈ ప్రాంతమునకు చెరకుతోడను, మడ్డితోడను పరిచయము చిరకాలముది. పెట్రోలులో నూటికి 20 పాళ్ళు ఎథనాలు కలుపు లక్ష్యము 2025లో నెరవేరినది. డీజిలులో బయోడీజిలు మాత్రము నూటికి ఒక పాలునైనను దాటలేదు. మొదటిదానికి చెరకు రైతు, కర్మాగారము, కొనుగోలుదారు ముందుగనే సిద్ధముగా నుండిరి. రెండవదానికి ఆ ముగ్గురును లేకపోయిరి. రెండింటి గతులు వేరగుటకు ముఖ్య కారణమిదియే.

అయినను ఈ రెండింటికి చుట్టరికము లేకపోలేదు. మిథనాలు సాధారణముగా భూమినుండి తీసిన వాయువుతో తయారగును. దానికి బదులు చెరకు సారాయిని వాడినచో బయోడీజిలు సంపూర్ణముగా పంటనుండి పుట్టిన ఇంధనమగును. బ్రస్సెల్స్ విశ్వవిద్యాలయమునకు చెందిన షవాన్ అను శాస్త్రజ్ఞుడు 1937లో పేటెంటు పొందినది తాటిజాతి నూనెకును సారాయికిని కుదిర్చిన ఈ పొత్తునకే. మరుసటి ఏట బ్రస్సెల్స్ నుండి లువేన్‌కు ఆ ఇంధనముతో బస్సు నడిపిరి. అయితే సారాయిలో నీటి చుక్క లేకుండ చేయవలెను. గ్లిసరిన్ వేరగుట గూడ కష్టతరము. అందుచేత కర్మాగారములు మిథనాలునే ఎన్నుకొనుచున్నవి.

ఇక యంత్రము వైపునుండి గుణదోషములను చూడవలెను. బయోడీజిలులో ప్రాణవాయువు కొంత కలసియే యుండును. అందుచేత అది శుభ్రముగా మండును. నల్లని పొగయు, మసియు తగ్గును. గంధకము దాదాపు ఉండదు. డీజిలు కంటె చాల ఎక్కువ వేడికిగాని అంటుకొనదు గనుక నిలువ చేయుటలో అగ్నిభయము తక్కువ. అన్నిటికంటె ముఖ్యమైన గుణము దాని జారుడుతనము. 2020 నుండి దేశమున అమ్ము డీజిలులో గంధకమును మిక్కిలి తగ్గించిరి. గంధకమును తీసివేయు శుద్ధిలో డీజిలునకు సహజముగా నుండు జారుడుతనము గూడ కొంత పోవును. నూటికి ఒకటి రెండు పాళ్ళు బయోడీజిలు కలిపినచో ఆ లోటు తీరి, పంపు అరుగుదల తగ్గును. ఒకే ద్రవము ఇంధనముగను, కందెనగను పనిచేయు ఈ విశేషము రామయ్యగారి శాస్త్రపరిధిలోనిదే.

దోషములును కలవు. లీటరునకు లీటరు పోల్చినచో బయోడీజిలు సత్తువ ఇంచుమించు నూటికి 8 పాళ్ళు తక్కువ. పొగలో నత్రజని సంబంధమైన వాయువులు కొంచెము పెరుగవచ్చును. అది గాలిలోని తడిని పీల్చుకొనును. నెలల తరబడి నిలువయున్నచో పులిసి జిగురు కట్టును. పాత ట్యాంకు అడుగున ఏండ్ల తరబడి పేరుకొనిన మురికిని కరిగించి తెచ్చి ఫిల్టరులో నింపును. పాతరకపు రబ్బరు గొట్టములను మెత్తబరచును. కావుననే భారత ప్రమాణముల ననుసరించి సాధారణ డీజిలులో బయోడీజిలు నూటికి 7 పాళ్ళకు మించరాదని హద్దు పెట్టిరి. ఈ హద్దులోపల కలిపినచో ఇంజనులో మార్పులు చేయవలసిన పని లేదు. యంత్రమున కెదురైన చిక్కులకు ఈ విధముగా పరిష్కారములు దొరకినవి. నేలకు సంబంధించిన చిక్కులు మాత్రము అంత సులువుగా తీరలేదు.

2002 డిసెంబరు 31వ తేదీన ఢిల్లీ అమృత్‌సర్‌ల నడుమ తిరుగు శతాబ్ది ఎక్స్‌ప్రెస్సును నూటికి 5 పాళ్ళు బయోడీజిలు కలిపిన ఇంధనముతో జయప్రదముగా నడిపిరి. 2003లో ప్రణాళికా సంఘము జాతీయ బయోడీజిలు పథకమును ప్రతిపాదించెను. అడవి ఆముదము, అనగా జట్రోఫా, దానికి మూలమైన మొక్క. డీజిలులో నూటికి 20 పాళ్ళు కలుపుటకు 1 కోటి 12 లక్షల హెక్టారులలో ఆ మొక్కను పెంచవలెనని అంచనా వేసిరి. కృష్ణా డెల్టా ఆయకట్టు ఇంచుమించు 13 లక్షల ఎకరములు. అట్టి డెల్టాలు ఇరువదియొకటి చేరినగాని ఆ అంచనాకు సరిపడు నేల దొరకదు.

ఆ మొక్క బంజరున పెరుగును, నీరు వలదు, ఎరువు వలదు, పశువు ముట్టదు అని ప్రచారము సాగెను. ఈ మాటలలో అసత్యము లేదు. చెప్పక విడిచిన మాట మరియొకటి యుండెను. నీరును ఎరువును లేకున్నను మొక్క బ్రతుకును గాని కాపు కాయదు. పూత ఒక్కమారుగా రాదు గనుక కాయలు ఒక్కమారుగా పండవు. పండినవానిని మాటిమాటికి ఏరుకొనుటకు కూలి తడిసి మోపెడగును. మేలైన వంగడము లేదు. బంజరని కాగితముపై వ్రాసిన నేల నిజముగా అనేక గ్రామములలో గొఱ్ఱెలు మేయు బీడుగను, పేదలు పుల్ల ఏరుకొను తావుగను ఉండెను. 2005లో ప్రకటించిన కొనుగోలు విధానమున లీటరు బయోడీజిలునకు 25 రూపాయలు ధర నిర్ణయించిరి; ఉత్పత్తి వ్యయము అంతకు మించెను. కొనువాడు లేక, అమ్ముదారి తోచక, అనేక రాష్ట్రములలో రైతులు నాటిన మొక్కలను తామే పెరికివేసిరి. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకొనువారిని గూర్చి తెలుగువారికి సామెత యున్నది. ఈ వ్యవహారమున మొక్కలమ్మినవారికే లాభము దక్కినది. కాయలు కొనువారు కానరాలేదు. నూటికి 20 పాళ్ళ గడువు 2009 నాటి విధానములో 2017నకు జరిగెను. 2018 నాటి విధానము గురిని తగ్గించి, 2030 నాటికి నూటికి 5 పాళ్ళు చాలునని నిర్ణయించెను.

ఇదే కాలమున తెలుగునాటనే జరిగిన వేరొక ప్రయత్నమును దీని ప్రక్కన నుంచి చూచుట మేలు. నాటి ఆదిలాబాదు జిల్లాలో, నేటి కుమురం భీం ఆసిఫాబాదు జిల్లాలో, పవర్‌గూడ యను ఆదివాసుల గూడెము కలదు. అచ్చటి మహిళా సంఘములవారు కొత్త మొక్కకొరకు పరుగెత్తక, తరతరములుగా ఎరిగిన కానుగనే నమ్ముకొనిరి. అడవిలోని కానుగ కాయలను ఏరి, గూడెమున పెట్టిన నూనె మరలో ఆడించి, నూనెను అమ్మిరి. చెక్కను పొలములకు ఎరువుగా వాడిరి. పటాన్‌చెరువు సమీపమున నున్న ఇక్రిశాట్ సంస్థ వారికి తోడ్పడెను. డీజిలునకు బదులు కానుగ నూనెను వాడుటవలన మిగులు బొగ్గుపులుసు వాయువును 147 టన్నులుగా లెక్కించి, 2003లో ప్రపంచ బ్యాంకు ఆ సంఘమునకు 645 డాలర్లు చెల్లించెను. ఆ జిల్లాలోనే ఛల్పడి యను మరియొక గూడెమున, బెంగుళూరు భారత విజ్ఞానశాస్త్ర సంస్థకు చెందిన ఆచార్య ఉడుపి శ్రీనివాసగారి ప్రోత్సాహముతో కానుగ నూనెతో జనరేటరు నడిపి దీపములు వెలిగించిరి.

645 డాలర్లు పెద్ద మొత్తము కాదు. దానివలన గూడెము ధనవంతము కాలేదు. అయినను అచ్చట నేల చేతులు మారలేదు, తిండిపంట తగ్గలేదు. కాయ ఏరినవారు, నూనె తీసినవారు, చెక్క వాడుకొనినవారు ఒక్కరే యగుటచేత నడుమ దళారికి తావు చిక్కలేదు. జట్రోఫా పథకము ఎచ్చట విఫలమయ్యెనో అచ్చటనే ఈ చిన్న ప్రయత్నము నిలద్రొక్కుకొనెను.

సముద్ర తీరమున కాకినాడలో మరియొక పాఠము దొరకును. 2008లో అచ్చట యూనివర్సల్ బయోఫ్యూయల్స్ సంస్థవారి కర్మాగారము వెలసెను. నెలకొల్పినప్పటి సామర్థ్యము సాలుకు ఇంచుమించు 1,50,000 టన్నులు. రేవు పట్టణమున పెట్టుటకు కారణము స్పష్టము: ముడినూనె ఓడలమీద రావలెను. ఒక ఎదిగిన కానుగ చెట్టునుండి సాలుకు 5 కిలోల నూనె వచ్చుననుకొన్నచో, ఆ ఒక్క కర్మాగారమునకే 3 కోట్ల చెట్లు కావలెను. అందుచేత అట్టి కర్మాగారములు పామాయిలు శుద్ధిలో మిగులు గట్టి కొవ్వును, ఇతర కొవ్వులను ఆశ్రయించినవి. యంత్రములు బిగించుట సులువు. వానికి మేత చేకూర్చుట కష్టము.

మేతకొరకు వంటనూనెను వాడరాదా యని కొందరు అడుగుదురు. ఆంధ్రప్రదేశము ఆయిల్‌పామ్ సాగులో దేశమునకు ముందు నిలచుచున్నది. డెల్టాను ఆనుకొనియున్న మెట్టప్రాంతములలో ఆ తోటలు విస్తారముగా కలవు. కాని దేశమునకు వలయు వంటనూనెలో సగమునకు పైగా దిగుమతి యగుచున్నది. వంటింటికి చాలని నూనెను యంత్రమునకు పోయుట వివేకము కాదు. ఇండొనేషియా దేశము తన పామాయిలును డీజిలులో కలుపుచు, 2025 నాటికి నూటికి 40 పాళ్ళకు చేరినది. అచ్చట నూనె మిగులు. అయినను తోటలకొరకు అడవులు నరికిరను నింద ఆ దేశమును వదలలేదు. 2022 ఏప్రిలులో అదే దేశము కొన్ని వారములు పామాయిలు ఎగుమతిని ఆపివేయగా, అప్పటికే యుక్రెయిను యుద్ధముచేత పొద్దుతిరుగుడు నూనె కరవైయుండగా, ఇచ్చట ప్రతి యింటి పోపుగరిటె ఆ వేడిని చవిచూచెను. మంచి వరిపొలమును ఇంధనపు పంటకు మార్చుట, చమురు పరాధీనతను వదలి తిండి పరాధీనతను కొనితెచ్చుకొనుట యగును. డెల్టాలో అట్టి ఆలోచనకు తావీయరాదు.

అట్లైన డెల్టాకు ఇందులో పాత్రయే లేదా? రెండు విధముల కలదు. మొదటిది వాడిన వంటనూనె. బెజవాడ భోజనశాలలలోను, బందరు రోడ్డు పొడవునను గల దుకాణములలోను ప్రతి సాయంత్రము పునుగులు, మిరపకాయ బజ్జీలు వేగుచుండును. పలుమారు కాగిన నూనె నల్లబడి ఆరోగ్యమునకు కీడు చేయును. పెద్ద వంటశాల విడిచిన నూనెను చిన్న దుకాణదారు చౌకగా కొని మరల మరగించుట లోకమెరిగినదే. కాగిన నూనెలో చెడిన పదార్థములు నూటికి 25 పాళ్ళు మించినచో దానిని వంటకు వాడరాదని 2018 జూలై 1వ తేదీ నుండి నిబంధన అమలులోనికి వచ్చినది. ఆ సంవత్సరము ఆగస్టులోనే ఆహార భద్రతా ప్రాధికార సంస్థ అట్టి నూనెను సేకరించి బయోడీజిలుగా మార్చు పథకమును ప్రారంభించెను. దీనికి కొత్త నేల అక్కర లేదు, నీరు అక్కర లేదు. అదనముగా, ప్రజల కడుపులోనికి పోవలసిన విషము యంత్రమునకు మేతయగును. ఊరిలోని భోజనశాలలు, మిఠాయి దుకాణములు, కల్యాణమండపములు తమ వాడిన నూనెను గుర్తింపు పొందిన సేకర్తలకే ఇచ్చునట్లు పంచాయతీ పెద్దలు పూనుకొన్నచో, డీజిలు సంగతి యటుండగా, ఆరోగ్యమైనను దక్కును.

రెండవది గట్టుమీది కానుగ. కానుగ డెల్టాకు పరాయిది కాదు. దాని రొట్టను దమ్ములో త్రొక్కుట, దాని నూనెను దీపములకును చర్మవ్యాధులకును వాడుట పూర్వులెరిగినదే. అది చిక్కుడు జాతికి చెందిన చెట్టగుటచేత వేళ్ళ బుడిపెలలో నత్రజనిని నిలుపును. నీరు నిలచిన నేలను, కొంత చౌడును గూడ సహించును. కాలువ గట్లు, డొంకలు, పుంతలు, చెరువు కట్టలు, పాఠశాల ఆవరణలు దానికి చాలును. వరిచేనులో సెంటు నేలయైనను అక్కర లేదు.

దీని లెక్కను అతిశయోక్తి లేకుండ చూడవలెను. నాటిన 5, 6 ఏండ్లకుగాని చెప్పుకోదగిన కాపు రాదు. ఎదిగిన చెట్టు సాలుకు 20 కిలోల గింజ ఇచ్చుననుకొన్నచో, మరలో 5 కిలోల నూనెయు, 15 కిలోల చెక్కయు దిగును. 100 చెట్లకు 500 కిలోల నూనె. అది బయోడీజిలుగా మారినచో, గంటకు 5 లీటరులు త్రాగు ట్రాక్టరు ఇంచుమించు 100 గంటలు నడచును. గ్రామమంతటి డీజిలు అవసరముతో పోల్చినచో ఇది స్వల్పము. కాని 1,500 కిలోల చెక్క మిగులును గదా. కానుగ చెక్కలో నత్రజని ఇంచుమించు నూటికి 4 పాళ్ళు. ఆ లెక్కన 60 కిలోల నత్రజని చేతికి వచ్చును. 45 కిలోల యూరియా బస్తాలు మూడింటిలో నుండునది ఇంచుమించు అంతయే. చేదగుటచేత ఈ చెక్క పశువులకు పనికిరాదు గాని చేనికి మేలైన ఎరువు. కావున కానుగను ఇంధనపు చెట్టని మాత్రమే తలచి నాటినవారు ఆశాభంగము పొందుదురు. నీడకు, రొట్టకు, చెక్కకు నాటి, నూనెను పైలాభముగా తలచినవారు నష్టపడరు.

మూడు హెచ్చరికలు రైతులు మనసున నుంచుకొనదగినవి. కొనువాడెవడో, ఏ ధరకు కొనునో వ్రాతమూలకముగా తెలియనిదే ఏ ఇంధనపు మొక్కను గాని తోటగా నాటరాదు. రెండవది, బయోడీజిలు అను పేరు వ్రాసిన ప్రతి డబ్బాలో బయోడీజిలు ఉండదు. చౌకగా వచ్చునని పారిశ్రామిక నూనెలను ఆ పేరున అమ్మిన మోసములు దేశమున వెలువడినవి. దాని అమ్మకమునకు 2019లో ప్రభుత్వము నిబంధనలు విధించెను. ఐ.ఎస్. 15607 అను భారత ప్రమాణమునకు సరిపడినదని పత్రము చూపలేని అమ్మకందారు సరకును ట్రాక్టరులో పోయరాదు. మూడవది, నూనె తిన్నగా ఇంజనులో పోసి ప్రయోగములు చేయరాదు. అడుసు త్రొక్కనేల, కాలు కడుగనేల?

కాలము గూడ మారుచున్నది. పంపులు అనేకము విద్యుత్తునకు మారినవి. రైలుమార్గములు దాదాపు పూర్తిగా విద్యుదీకరణము పొందినవి. సూర్యరశ్మితో నీరు తోడు పంపులు వచ్చినవి. అయినను బురదలో దిగి దమ్ము చేయు ట్రాక్టరునకు, ధాన్యము మోయు లారీకి డీజిలు అవసరము ఇప్పట్లో తీరునది కాదు. ఆ అవసరములో కొద్ది భాగమును బయోడీజిలు తీర్చగలదు, అంతయు తీర్చలేదు. వాడిన నూనెను పారవేయక, గట్టును బోడిగా వదలక, వరిచేను జోలికి పోక దొరకినంత ఇంధనమును స్వీకరించుటయే డెల్టాకు తగిన మార్గము.

ఈ విషయమున గ్రంథాలయము చేయగల పని యొకటి కలదు. జట్రోఫా మొక్కలు నాటిన రైతు మోసపోయినది తెలివి లేక కాదు. విన్న మాటను సరిచూచుకొనుటకు ఆధారము చేతికందక. ఇంధనములను, వ్యవసాయమును గూర్చిన పుస్తకములును, ప్రమాణముల వివరములును, ప్రభుత్వ విధానముల ప్రతులును తెలుగున సేకరించి, రైతు అడిగిన తోడనే అందించు బీరువా ఒకటి ప్రతి గ్రామ గ్రంథాలయమున నుండవలెను. రామయ్యగారిని కన్న యూరిలో అట్టి బీరువాకు ఇంధన శాస్త్రమును గూర్చిన పుస్తకములతోడనే ఆరంభము జరుగుట సముచితము. ఆవరణలో నాలుగు కానుగ మొక్కలు నాటి, పాఠశాల బాలురచేతను బాలికలచేతను ఏటేట వాని కాపును తూచి పుస్తకమున వ్రాయించినచో, స్వర్ణోత్సవము నాటికి ఈ గట్లమీది చెట్టు నిజముగా ఎంత నూనె ఇచ్చునో ఎవరి ప్రచారమును నమ్మనక్కరలేకయే గ్రామమునకు తెలియును.